కార్యాలయపు టెలిఫోను: దాని కరెంటు, దాని తీగ

కార్యాలయపు బల్లమీద ఉండే వస్తువులలో టెలిఫోనుకు ఒక ప్రత్యేకత ఉన్నది. కలం, కాగితం, రబ్బరు స్టాంపు మనం చేతిలోకి తీసుకున్నప్పుడే పనిచేస్తాయి. టెలిఫోను మాత్రం తనంతట తానే మనల్ని పిలుస్తుంది. పిలుపు ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు కనుక అది రాత్రింబవళ్లు మేలుకొని ఉండవలసిన యంత్రం. ఆ మెలకువకు ఆహారం విద్యుచ్ఛక్తి. అయితే ఆ విద్యుచ్ఛక్తి దానికి ఎక్కడ నుండి లభిస్తున్నది? టెలిఫోను కొనేవారిలో ఈ ప్రశ్న వేసేవారు అరుదు. యంత్రం రంగు చూస్తాం, ధర అడుగుతాం, ఏ గదిలో పెట్టాలో చర్చిస్తాం. కరెంటు పోయిన రాత్రి అది పలుకుతుందా లేదా అన్నది మాత్రం ఆ రాత్రి వచ్చేదాకా తెలియదు.

పాత టెలిఫోను తన కరెంటును తన తీగలోనే తెచ్చుకునేది. నేటి టెలిఫోనుకు ఆ కరెంటును మనమే సమకూర్చవలసి ఉన్నది. ఈ మార్పును గ్రహించకుండా టెలిఫోన్లు అమర్చుకున్న సంస్థకు అవసర సమయంలో నోరు పడిపోతుంది. ఒకవైపు అడవి, ఒకవైపు గోదావరి ఉన్న మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. అందువలన ఈ వ్యాసంలో టెలిఫోనుకు కావలసిన విద్యుత్తును, తీగలను గురించి విద్యార్థులకు అర్థమయ్యే రీతిలోను, కళాశాల కమిటీ వారికి ఉపయోగపడే రీతిలోను వివరించటానికి ప్రయత్నిస్తాను.

తంతి, తార్, టెలిఫోను

ఉర్దూలో టెలిగ్రామును 'తార్' అన్నారు. తెలుగులో 'తంతి' అన్నారు. రెండు మాటలకూ అర్థం తీగే. దూరాన్ని జయించినది తీగ అనే సంగతిని మన రెండు భాషలూ ఒకే విధంగా గుర్తించాయి. తంతి చుక్కలు, గీతల రూపంలో వార్తను మోసేది. 1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ కనుగొన్న టెలిఫోను అదే తీగ మీద మానవ కంఠాన్ని మోసింది. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు ప్రారంభమైనవి.

తొలినాటి టెలిఫోనులో మాట్లాడటానికి కావలసిన విద్యుత్తును యంత్రం పక్కనే పెట్టిన ఘటాలు ఇచ్చేవి. ఎక్స్ఛేంజిని పిలవటానికి చేతిపిడి తిప్పవలసి వచ్చేది. ఆ పిడి లోపల ఒక చిన్న జనరేటరును తిప్పేది. ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉన్నది. ఊరిలో ఎన్ని టెలిఫోన్లు ఉంటే అన్ని చోట్ల ఘటాలు మార్చాలి. ఒక ఘటం నీరసిస్తే ఆ ఇంటి టెలిఫోను మూగబోతుంది. ఈ చిక్కును తొలగించటానికే ఘటాలన్నింటినీ ఒకచోట, అనగా ఎక్స్ఛేంజిలో, పెట్టే పద్ధతి వచ్చినది. దీనిని కేంద్ర బ్యాటరీ పద్ధతి అంటారు.

నలభై ఎనిమిది వోల్టుల కథ

ఎక్స్ఛేంజిలో సీసపు ఘటాలు వరుసగా అమర్చి ఉంటాయి. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. 24 ఘటాలను శ్రేణిలో కలిపితే 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు లభిస్తుంది. బయటి కరెంటు ఉన్నంతసేపు ఈ ఘటాలు నిండుతూ ఉంటాయి. అది పోయినప్పుడు ఎక్స్ఛేంజి అంతా వీటిమీదనే నడుస్తుంది. ఆ లోపల డీజిల్ ఇంజను నడిపించుకుంటారు. చందాదారుని ఇంటిలో దీపం ఆరిపోయినా టెలిఫోను పలకటానికి కారణం ఇదే.

ఈ బ్యాటరీ ధన ధ్రువాన్ని భూమికి కలుపుతారు. తీగలోకి పంపేది రుణ విద్యుత్ పీడనం. ఇది యాదృచ్ఛికం కాదు. విద్యుద్విశ్లేషణలో ధన ధ్రువంగా ఉన్న లోహం కరిగిపోతుందని మన విద్యార్థులు చదువుకున్నారు. తేమ నేలలో పోయే తీగ ధన ధ్రువమైతే రాగి క్రమంగా కరిగి తెగిపోతుంది. తీగను రుణ ధ్రువంగా ఉంచితే ఈ నష్టం తగ్గుతుంది. ఇంటరు తరగతిలోని ఒక చిన్న పాఠం వేలాది కిలోమీటర్ల రాగిని కాపాడినదన్నమాట.

రిసీవరు కింద పెట్టి ఉన్నప్పుడు తీగల జతలో కరెంటు ప్రవహించదు. జతమధ్య వోల్టుమీటరు పెడితే 48 వోల్టుల దరిదాపు కనిపిస్తుంది. రిసీవరు ఎత్తగానే వలయం పూర్తవుతుంది. కరెంటు ప్రవహించిన గుర్తును బట్టి చందాదారుడు మాట్లాడదలచినాడని ఎక్స్ఛేంజి గ్రహిస్తుంది. ఎవరైనా మనల్ని పిలిచినప్పుడు ఎక్స్ఛేంజి అదే తీగమీద సుమారు 75 వోల్టుల ఏకాంతర విద్యుత్తును పంపి గంట మోగిస్తుంది. టెలిఫోను తీగకు ప్రమాదం లేదని అనుకుని పని మధ్యలో పట్టుకున్నవారికి ఆ క్షణంలో గట్టి షాకు తగులుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఎక్స్ఛేంజికి 5 కిలోమీటర్ల దూరంలో ఒక కార్యాలయం ఉన్నదనుకుందాం. అర మిల్లీమీటరు వ్యాసం గల రాగి తీగల జతకు, పోయే తీగ, వచ్చే తీగ కలిపి, కిలోమీటరుకు సుమారు 168 ఓముల నిరోధం ఉంటుంది. 5 కిలోమీటర్లకు 840 ఓములు. ఎక్స్ఛేంజిలోని చుట్టల నిరోధం 400 ఓములు, టెలిఫోను యంత్రపు నిరోధం 200 ఓములు అనుకుంటే మొత్తం 1440 ఓములు. 48ని 1440తో భాగిస్తే 33 మిల్లీ ఆంపియర్లు. యంత్రం దగ్గర మిగిలే పీడనం 7 వోల్టుల లోపు. మొత్తం ఖర్చయ్యే సామర్థ్యం దాదాపు ఒకటిన్నర వాట్లు. పడకగదిలో రాత్రి వెలిగించే చిన్న బల్బు తినేపాటి కరెంటుతో ఒక మనిషి గొంతు ఐదు కిలోమీటర్లు ప్రయాణం చేస్తున్నది.

ఇదే లెక్క మరొక సంగతిని కూడా చెప్తుంది. దూరం పెరిగిన కొద్దీ నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది, మాట కూడా క్షీణిస్తుంది. అంటే ఒక పట్టణపు ఎక్స్ఛేంజి నుండి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలోని అటవీ గ్రామానికి నేరుగా తీగ లాగి ప్రయోజనం లేదు. ఆ గ్రామాల దగ్గరే చిన్న ఎక్స్ఛేంజి ఉండాలి. 1984లో స్థాపితమైన సి-డాట్ సంస్థ రూపొందించిన గ్రామీణ ఎక్స్ఛేంజి ఈ అవసరాన్ని తీర్చినది. 128 పోర్టులు గల ఆ ఎక్స్ఛేంజిని 1986 జూలైలో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొల్పారు. ఎయిర్ కండిషనింగు లేకుండా, మన దేశపు ఎండలోను దుమ్ములోను పనిచేయటం దాని గొప్పతనం.

మన నేల పెట్టే పరీక్ష

ఖమ్మం నుండి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. దారిలో కొత్తగూడెం, పాల్వంచ, సారపాక. గోదావరి దాటితే భద్రాచలం. అక్కడ నుండి దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం వైపు అడవి. 1965లో గోదావరి మీద వంతెన ప్రారంభమయ్యేవరకు భద్రాచలానికి చేరటానికి పడవే దిక్కు. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రంలో 1966లో ఉత్పత్తి మొదలైనది. రాష్ట్రానికి వెలుగునిచ్చే కేంద్రం మన ముంగిట ఉన్నది. అయినా గాలివానకు ఒక చెట్టు తీగమీద పడితే మన గ్రామాలు రాత్రంతా చీకటిలో ఉంటాయి. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరకే అనలేదు.

గోదావరి సంగతి వేరే చెప్పనక్కరలేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టు 16న నది 75.6 అడుగులకు చేరినది. 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరినది. అంటే చివరి హెచ్చరికకు పైన మరో పద్ధెనిమిది అడుగుల నీరు. వంతెన మీద రాకపోకలు ఆపివేశారు. నీరు చేరిన చోట ప్రజల ప్రాణరక్షణ కోసం మొదట నిలిపివేసేది విద్యుత్ సరఫరానే. అది తప్పనిసరి. కాని సరిగా ఆ వేళలోనే టెలిఫోనుతో పని పడుతుంది. వసతిగృహంలోని విద్యార్థి క్షేమం తెలుసుకోగోరే తల్లి, పడవ కావాలని అడిగే గ్రామం, శిబిరానికి గదులు ఇవ్వగలరా అని కళాశాలను విచారించే అధికారి, అందరూ టెలిఫోనునే ఆశ్రయిస్తారు.

రాగి తీగకు లోపాలు లేవని చెప్పరాదు. అడవి దారిలో కొమ్మలు విరిగి పడతాయి, అతుకులలో తడి చేరుతుంది, పిడుగుపాటు తీగవెంట యంత్రం దాకా వస్తుంది, దొంగలు రాగిని కోసుకుపోతారు. కాని తీగ తెగనంతవరకు అది మాటతోపాటు కరెంటును కూడా తెచ్చేది. ఈ గుణం ఒక్కటే ఇక్కడ గమనించదగినది.

గాజు తీగ మాటను మోస్తుంది, కరెంటును మోయదు

ఇప్పుడు రాగి తీగల స్థానాన్ని ఆప్టికల్ ఫైబరు ఆక్రమిస్తున్నది. వెంట్రుక వంటి గాజుపోగులో కాంతిరూపంలో మాట ప్రయాణిస్తుంది. ఒకే పోగుమీద టెలిఫోను, ఇంటర్నెట్టు, టెలివిజను వస్తాయి. పిడుగు గాజువెంట రాదు, తడి దానిని పాడుచేయదు, దొంగకు దానితో పనిలేదు. ఇవన్నీ లాభాలే. అయితే గాజు విద్యుద్బంధకం. అది మాటను మోస్తుంది గాని కరెంటును మోయదు. అందువలన ఫైబరు వచ్చి చేరేచోట గోడకు ఒక చిన్న పెట్టె బిగిస్తారు. కాంతిని తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చే ఆ పెట్టెకు మన గోడ ప్లగ్గు నుండి కరెంటు కావాలి. గోడ ప్లగ్గులో కరెంటు లేకపోతే ఫైబరులో కాంతి వచ్చినా దానిని చదివేవారు లేరు.

కార్యాలయాలలో నేడు అమర్చుతున్న ఐ.పి. టెలిఫోను కూడా ఇటువంటిదే. చూపుకు పాత బల్లమీది టెలిఫోను వలెనే ఉంటుంది గాని నిజానికి అది ఒక చిన్న కంప్యూటరు. ఎవరూ మాట్లాడకపోయినా దానికి సాధారణంగా మూడు నుండి ఆరు వాట్ల సామర్థ్యం కావాలి. దీనిని రెండు మార్గాలలో ఇవ్వవచ్చును. ఒకటి, ప్రతి బల్లదగ్గర ఒక అడాప్టరు, దానికొక ప్లగ్గు. రెండవది, మాటను తెచ్చే నెట్‌వర్క్ కేబులులోనే కరెంటును కూడా పంపటం.

ఈ రెండవ పద్ధతికి 2003లో ఐ ట్రిపుల్ ఇ సంస్థ 802.3 ఎ.ఎఫ్. అనే ప్రమాణాన్ని ఏర్పరచినది. ఇందులో వాడే పీడనం కూడా 48 వోల్టుల ప్రాంతమే. నూరేళ్లకు పైబడిన టెలిఫోను పద్ధతికి కొత్త పద్ధతి ఇచ్చిన గౌరవం అనుకోవచ్చును. నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టె నుండి ఒక్కొక్క కేబులుకు అత్యధికంగా 15.4 వాట్లు పంపవచ్చును. అవతల టెలిఫోనుకు చేరుతుందని హామీ ఇచ్చేది 12.95 వాట్లు. మిగిలిన 2.45 వాట్లు ఏమైనవి? కరెంటు 0.35 ఆంపియర్లు, కేబులు నిరోధం 20 ఓములు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సరిగా 2.45 వస్తుంది. తీగ వేడెక్కటంలో అది ఖర్చయినది. యంత్రం మారినా ఓం సూత్రం మారలేదు.

ఈ పెట్టె తొందరపడి కరెంటు పంపదు. అవతల 25 వేల ఓముల గుర్తు నిరోధం ఉన్నదా అని స్వల్ప పీడనంతో ముందుగా పరీక్షిస్తుంది. ఉంటేనే పూర్తి పీడనం విడుస్తుంది. పొరపాటున కంప్యూటరు తగిలించినా అది కాలిపోకుండా ఉండటానికి ఈ జాగ్రత్త.

తీగలు లాగేటప్పుడు

గోడలు కట్టిన తరువాత తీగలు లాగటం, పెళ్లి అయిన తరువాత ముహూర్తం వెతకటం వంటిది. కొత్త గదులు కట్టేటప్పుడే ఈ క్రింది విషయాలు చూసుకోవటం మంచిది.

మొదటిది, దూరం. స్విచ్ పెట్టె నుండి టెలిఫోను దాకా కేబులు పొడవు 100 మీటర్లు మించరాదు. అందులో గోడలో స్థిరంగా ఉండే భాగం 90 మీటర్లు, రెండు కొసల విడి తీగలకు 10 మీటర్లు. దూరపు భవనాలకు, వసతిగృహానికి మధ్య ఫైబరు వేసి అక్కడ మరొక పెట్టె పెట్టుకోవాలి.

రెండవది, లోహం. కేబులు లోపల స్వచ్ఛమైన రాగి ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూసిన కేబులు చవకగా దొరుకుతుంది. దాని నిరోధం ఎక్కువ, కొసలు త్వరగా విరుగుతాయి, కరెంటు మోసేటప్పుడు వేడెక్కుతుంది. అక్కడ మిగిల్చిన డబ్బు మరమ్మతులకు రెట్టింపుగా పోతుంది.

మూడవది, పొరుగు. 230 వోల్టుల దీపాల తీగలను, టెలిఫోను తీగలను ఒకే పైపులో పోనీయరాదు. ఒకదాని ప్రేరణ మరొకదానిలో గుంయిమనే రొదగా వినిపిస్తుంది. అంతకు మించి, తొడుగు చెడితే ప్రాణాపాయం. రెండూ దూరంగా పోవాలి. తప్పనిసరిగా దాటవలసిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటాలి.

నాలుగవది, భూసంధానం. మన ప్రాంతంలో వేసవి చివర పిడుగులు ఎక్కువ. బయటి నుండి వచ్చే ప్రతి రాగి తీగకు పిడుగు రక్షణ పరికరం ఉండాలి. స్విచ్ పెట్టె, ఇన్వర్టరు, రక్షణ పరికరం, ఇవన్నీ ఒకే ఎర్తుకు కలపాలి. ఎర్తు నిరోధం 5 ఓముల లోపు ఉండటం క్షేమం. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఈ నిరోధం పెరుగుతుంది కనుక గుంటలో నీరు పోయటం, ఏటా ఒకసారి కొలిపించటం మరువరాదు.

ఐదవది, ఎత్తు. పల్లంలో ఉన్న కార్యాలయాలలో స్విచ్ పెట్టెను, బ్యాటరీని నేలమీద పెట్టరాదు. మేడ ఉంటే మేడమీదనే వాటి స్థానం. ఒక్క అడుగు నీరు చాలు, వేల రూపాయల సామాను చెడిపోవటానికి.

బ్యాటరీ లెక్క

ఒక కళాశాలలో ప్రిన్సిపాలు గది, కార్యాలయం, గ్రంథాలయం, ప్రయోగశాలలు, వసతిగృహం, కాపలాదారు గది కలిపి 12 టెలిఫోన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 5 వాట్లు, మొత్తం 60. స్విచ్ పెట్టె తన సొంత అవసరానికి 18 వాట్లు, ఫైబరు పెట్టెకు 12, లోపలి ఎక్స్ఛేంజికి 20. అన్నీ కలిపి 110 వాట్లు. ఎనిమిది గంటలు నడవటానికి 880 వాట్ గంటలు కావాలి. ఇన్వర్టరులో అయిదవ వంతు నష్టమౌతుందనుకుంటే 1100 వాట్ గంటలు. 12 వోల్టుల, 150 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీలో 1800 వాట్ గంటలు నిలవ ఉంటాయి. దానిని పూర్తిగా పిండితే ఆయుర్దాయం తగ్గుతుంది కనుక నూటికి అరవై వంతులే వాడుకోవాలి. అది 1080. అంటే ఒక మామూలు ఇంటి బ్యాటరీతో కళాశాల టెలిఫోన్లన్నీ దాదాపు ఎనిమిది గంటలు పలుకుతాయి.

ఇందులో ఒక షరతు ఉన్నది. ఆ బ్యాటరీకి టెలిఫోన్లు తప్ప మరేదీ కలపరాదు. ఒక ఫ్యాను 70 వాట్లు తింటుంది. ఉక్కపోస్తున్నదని ఎవరో రెండు ఫ్యాన్లు దానికే తగిలిస్తే ఎనిమిది గంటలు మూడున్నర గంటలకు దిగుతుంది. ప్రతి బల్లదగ్గర విడి అడాప్టర్లు పెట్టే పద్ధతికన్నా కేబులులోనే కరెంటు పంపే పద్ధతి మేలని చెప్పటానికి కారణం కూడా ఇదే. పన్నెండు చోట్ల పన్నెండు బ్యాటరీలు అక్కరలేదు, ఒక్కచోట ఒక్కటి చాలు. కేంద్ర బ్యాటరీ పద్ధతి ఎక్స్ఛేంజి నుండి మన భవనంలోకి వచ్చినదనుకోవచ్చును.

కమిటీ వారికి విన్నపం

మన బ్యాటరీ నిండుగా ఉన్నంత మాత్రాన సరిపోదు. అవతలి ఎక్స్ఛేంజిలో, సెల్‌ఫోన్ టవరులో కూడా కరెంటు ఉండాలి. టవర్లకూ బ్యాటరీలు, డీజిల్ జనరేటర్లు ఉంటాయి గాని వరదలో డీజిల్ తీసుకుపోయే దారి మూసుకుపోవచ్చును. అందువలన ఒకే మార్గాన్ని నమ్ముకోరాదు. ఫైబరు ఒకటి, వేరొక సంస్థ సెల్‌ఫోను ఒకటి, రెండూ కార్యాలయంలో ఉండాలి. పాత రాగి కనెక్షను ఇంకా పనిచేస్తూ ఉన్నచోట దానిని తొందరపడి వదులుకోరాదు. కరెంటు అవసరం లేని ఒక సాధారణ యంత్రాన్ని దానికి తగిలించి ఉంచాలి. దానికి అయ్యే అద్దె, అది ఒక రాత్రి చేసే మేలుతో పోలిస్తే లెక్కలోనిది కాదు.

టెలిఫోన్లు కొనటానికి పిలిచే కొటేషన్లలో యంత్రపు ధర ఒక్కటే అడగటం వాడుక. దానితోపాటు మూడు ప్రశ్నలు చేర్చమని కోరుతున్నాను. ఈ యంత్రం ఎన్ని వాట్లు తీసుకుంటుంది? సరఫరా ఆగిన తరువాత ఎన్ని గంటలు పలుకుతుంది? కేబులు లోపలి లోహం ఏమిటి? ఈ మూడింటికి లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వగలిగినవారికే పని అప్పగించటం శ్రేయస్కరం.

విద్యార్థులారా, ఈ వ్యాసంలో మీరు తరగతిలో చదవని సూత్రం ఒక్కటి కూడా లేదు. ఓం సూత్రం, విద్యుద్విశ్లేషణ, ప్రేరణ, ఘటాల శ్రేణి, ఇంతే. పరీక్ష కాగితం మీద మార్కులు తెచ్చే ఈ సూత్రాలే, చర్ల అవతలి గూడెంలో ఉన్న తల్లి మాటను మన వసతిగృహంలోని ఆమె బిడ్డకు చేరుస్తున్నాయి. కనుక కొత్త టెలిఫోన్లు అమర్చిన రోజున ఒక చిన్న ప్రయోగం చేయండి. కమిటీ వారి అనుమతితో, ఎలక్ట్రీషియను సమక్షంలో, భవనపు మెయిన్ స్విచ్ ఆపించండి. దీపాలు, ఫ్యాన్లు అన్నీ ఆగిన తరువాత రిసీవరు ఎత్తి ఒక నంబరు తిప్పండి. అవతల గంట మోగితే పని సరిగా జరిగినట్లు. మోగకపోతే బిల్లు చెల్లించే ముందే తెలిసినది కనుక సరిదిద్దించుకోవచ్చును. జూలై వచ్చేలోగా ఏటా ఒకసారి ఈ పరీక్ష జరపటం మన కళాశాలలో ఆనవాయితీ కావాలని నా కోరిక.